నల్ల బీరులో ఆ రుచి ఎక్కడిది?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో కాఫీ గింజలు వేయించడం గురించి రాస్తూ, బార్లీ గింజలను కూడా ఇలాగే నల్లగా వేయించి స్టౌట్ అనే బీరు చేస్తారని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చాలా సంతోషం వేసింది. మోండా మార్కెట్ దగ్గర మా నాన్న కాఫీ పొడి దుకాణంలో నేను పెరిగాను. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. నాకు తెలిసిన ఈ రెండు పనులూ ఒకచోట కలిసేది స్టౌట్‌లోనే. అందుకే ఈ నెల పేజీ అంతా దానికే ఇస్తున్నాను.

*ప్రశ్న: మేడమ్, నా వయసు ముప్పై ఒకటి. మా ఆఫీసులో ఒకతను రెండేళ్లు ఐర్లండ్‌లో ఉండి వచ్చాడు. స్టౌట్ అంటే ప్రాణం పెడతాడు. అతను అంతగా చెబుతుంటే గచ్చిబౌలిలో ఒకచోట తెప్పించుకుని తాగాను. మాడిన కషాయంలా అనిపించింది. చేదు, పులుపు, బొగ్గు వాసన. సగం వదిలేశాను. ఇందులో జనానికి అంత నచ్చేది ఏమిటి? లోపం బీరుదా, నా నాలుకదా?*
— నిజాంపేట నుంచి ఒక పాఠకుడు

మీ నాలుకలో లోపమేమీ లేదు బాబూ. మీరు రాసిన చేదు, పులుపు, బొగ్గు మూడూ స్టౌట్‌లో ఉండేవే. కాకపోతే మంచి స్టౌట్‌లో అవి అలా విడివిడిగా పేరు పెట్టి చెప్పగలిగేలా దొరకవు. దొరికాయంటే గింజ వేయించిన దగ్గరో, నీళ్ల దగ్గరో, గ్లాసు మీ చేతికి ఇచ్చిన దగ్గరో ఏదో తప్పింది.

పులుసుకు తిరగమోత పెట్టేటప్పుడు మెంతులను గమనించండి. పచ్చిగా ఉంటే పసరు చేదు. ఎర్రబడితే చేదు తగ్గి కమ్మటి వాసన. ఇంకొంచెంసేపు ఏమరితే నల్లబడి పులుసంతా పాడుచేస్తాయి. మన ఇళ్లలో అందరూ ఎరుపు దగ్గరే గరిటె తీస్తారు. స్టౌట్‌కు గింజలు వేయించేవాళ్లు అక్కడ ఆగరు. ఎరుపు దాటించి, నలుపు దాకా తీసుకెళ్లి, బొగ్గయ్యే ముందు దించుతారు. మెంతులకు లేని ఆ కాస్త వ్యవధి బార్లీకి ఉంది. 200 డిగ్రీలు దాటాక మొదలై కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. కాఫీ వాసన, కోకో వాసన, కాలిన రొట్టె అంచు వాసన అన్నీ పుట్టేది అప్పుడే.

బీరంతా ఆ నల్ల గింజలతోనే చేస్తారనుకోకండి. ఐర్లండ్ పద్ధతిలో చేసే స్టౌట్‌కు మా పనిలో అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది: నూటికి 70 పాళ్లు లేత రంగు మాల్టు, 20 పాళ్లు అటుకుల్లా నొక్కిన పచ్చి బార్లీ, 10 పాళ్లు నల్లగా వేయించిన బార్లీ. మాల్టు మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి వేయించి పొడి కొట్టుకునే ఇళ్లు మనవి. బార్లీకీ అంతే. రెండు రోజులు నానుతుంది, నాలుగైదు రోజులు మొలకెత్తుతుంది, తర్వాత వేడి గాలికి ఆరుతుంది. మొలకెత్తే గింజలో ఎంజైములు తయారవుతాయి. ఆ గింజను మరపట్టి 65 డిగ్రీల వేడి నీళ్లలో ఒక గంట ఉంచితే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీళ్లను వడకట్టి, హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలిపితే బీరు. నల్లగా వేయించిన గింజలో ఎంజైములు మిగలవు, ఆ వేడికి పోతాయి. అంటే బీరును బీరు చేసే పని లేత మాల్టుది. దాన్ని స్టౌట్ చేసేది ఆ పదో వంతు నల్ల గింజ.

వేయించేటప్పుడు గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి వందల రకాల కొత్త పదార్థాలు పుడతాయి. 1912లో ఈ మార్పును వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతో దీన్ని మయార్ చర్య అంటారు. పెనం మీద దోసె ఎర్రబడటం, పొయ్యిలో ఉస్మానియా బిస్కెట్ పైభాగం రంగు తిరగడం, నాటుకోడి వేపుడు అడుగున ముక్క పట్టేసిన చోట వచ్చే ఆ రుచి, అన్నీ ఇదే. ఇందులో పుట్టే పైరజీన్లు వేయించిన పల్లీల వాసన ఇస్తాయి. కాఫీకి కాఫీ వాసన తెచ్చే గంధకపు పదార్థం ఒకటి, ఫర్‌ఫ్యురైల్ థయాల్ అంటారు, వేయించిన బార్లీలో కూడా పుడుతుంది. అందుకే స్టౌట్ మొదటిసారి తాగినవాళ్లు ఇందులో కాఫీ కలిపారా అని అడుగుతారు. కావాలని కాఫీ వేసి చేసేవి కొన్ని ఉన్నాయి గానీ, మామూలు స్టౌట్‌లో కాఫీ చుక్క కూడా ఉండదు. కాఫీ, బార్లీ రెండూ వేరే మొక్కలే అయినా వేడి వాటికి ఒకే వాసన తెచ్చిపెట్టింది. ఇన్నేళ్లయినా ఈ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

స్టౌట్ పుట్టుక కూడా మా నాన్న దుకాణానికి దగ్గరి చుట్టమే. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో బరువులు మోసే హమాలీలు ఇష్టంగా తాగే ముదురు రంగు బీరుకు పోర్టర్ అని పేరొచ్చింది. పోర్టర్ అంటే హమాలీయే. అందులో గట్టిగా చేసినదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. కాలం గడిచేకొద్దీ వెనకమాట రాలిపోయింది. 1816లో అక్కడి ప్రభుత్వం బీరులో మాల్టు, హాప్స్ తప్ప రంగు కోసం మరేదీ కలపకూడదని చట్టం చేసింది. మరుసటి సంవత్సరం, 1817లో, డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజలు వేయించే డ్రమ్ములాంటి గుండ్రటి ఇనప డ్రమ్ములో మాల్టును నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గుప్పెడు నల్ల మాల్టు చాలు, బీరంతా నల్లబడుతుంది. మిగతాదంతా చక్కెర ఎక్కువగా ఇచ్చే లేత మాల్టు వాడుకోవచ్చు. మొలకెత్తించని బార్లీని వేయించి వాడటానికి మాత్రం మాల్టు మీద పన్ను పోయే దాకా, అంటే 1880 దాకా, ఆగవలసి వచ్చింది. ఈనాటి ఐర్లండ్ స్టౌట్‌లో ఆ పొడిగా, ఎస్ప్రెసో కాఫీలా తగిలే రుచి మొలకెత్తని బార్లీదే.

మా ల్యాబులో 1990లలో ప్రయోగంగా నల్ల బీరు చిన్న బ్యాచ్‌లు చేశాం. గింజ వేయించే పని నాకు అప్పగించారు. కాగితం మీద ఉన్నట్టే 230 డిగ్రీల దగ్గర దించి, ఒక స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టాను. ఆ గింజతో చేసిన బీరు బూడిద నాకినట్టుంది. మీరు గచ్చిబౌలిలో తాగింది చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. వేడి కొలిచాను, సమయం కొలిచాను, తప్పు ఎక్కడో అంతుపట్టలేదు. ఆ సాయంత్రం గుప్పెడు గింజలు పొట్లం కట్టుకుని నాన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జన్మలో బీరు తాగలేదు. ఒక గింజను పంటితో కొరికి, విరిగిన ముక్కను బల్బు కింద పెట్టి చూశాడు.

“పైన మంచిగనే ఉంది, నడుమ బొగ్గయింది. గింజ దించినంక గూడ ఏగుతనే ఉంటది బిడ్డా. వాసన వస్తదనంగనే దించాలె, వచ్చినంక గాదు. దించి కుప్ప పోస్తవా? పరువాలె.”

మా దుకాణంలో డ్రమ్ము దించగానే గింజలను చాపంత జల్లెడ మీద పరిచి ఇద్దరు మనుషులు విసనకర్రలతో విసరడం నేను చిన్నప్పటి నుంచి చూసిందే. ఎందుకు విసురుతున్నారో ఒక్కసారీ అడగలేదు. మరుసటి బ్యాచ్‌కు కొంచెం ముందే దించి, ట్రేలలో పలచగా పరిచి ఫ్యాను పెట్టాం. అదే బార్లీ, అదే డ్రమ్ము, అవే హాప్స్. గ్లాసులోకి వచ్చింది మాత్రం వేరే బీరు. పది మందికి మూడేసి గ్లాసులు ఇచ్చి, రెండు ఒకటే, ఒకటి వేరు, అది ఏదో చెప్పమన్నాం. పదిమందీ పట్టేశారు. మేం లెక్కలకు వాడే స్టూడెంట్ టి-టెస్టును, అంటే రెండు రకాల మధ్య తేడా నిజమైనదో కాకతాళీయమో తేల్చే లెక్కను, కనిపెట్టిన విలియం గాసెట్ కూడా ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో స్టౌట్ చేసే గిన్నెస్ కంపెనీ ఉద్యోగే. 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో దాన్ని అచ్చువేశాడు. కాలేజీలో గణాంకశాస్త్రం చదివిన ప్రతి పిల్లా ఆ బీరు ఫ్యాక్టరీకి కొంత రుణపడి ఉంది.

ఇక మీకు తగిలిన పులుపు. నల్లగా వేగిన గింజకు సహజంగానే ఆమ్లగుణం ఉంటుంది. కొద్దిగా ఉంటే అది మేలే, బీరు నోట్లో చప్పగా పడుకోకుండా లేపుతుంది. ఎక్కువైతే పదునుగా గీరుతుంది. దీన్ని సరిచేసేవి నీళ్లు. లండన్ సుద్దనేల బావుల నీళ్లలో బైకార్బొనేటు ఎక్కువ. అవి లేత రంగు బీరుకు అంతగా పనికిరావు గానీ, నల్ల గింజ ఆమ్లాన్ని విరిచి రుచిని గుండ్రంగా చేస్తాయి. ఆ ఊళ్లో పోర్టర్ అంత బాగా కుదరడానికి ఈ నీళ్లు ఒక పెద్ద కారణం. మన హైదరాబాద్ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, ఆ పెచ్చు ఇచ్చే గుణమే అది. ఇప్పుడు సిటీలో చాలాచోట్ల అన్ని బీర్లకూ ఆర్వో నీళ్లే వాడతారు. అందులో తప్పులేదు. కానీ స్టౌట్ చేసే రోజు ఆ నీళ్లకు తిరిగి కొంత లవణం చేర్చకపోతే నల్ల గింజ పులుపు విరగకుండా అలాగే నిలిచిపోతుంది. మీకు తగిలింది అదే అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది.

చేదు, పులుపు ఇలా అదుపులోకి వచ్చాక వాటిని మోసుకెళ్లడానికి ఒక దట్టదనం కావాలి. మా నాన్న కాఫీ పొడిలో చికోరీ కలిపేది అందుకే. చికోరీ లేని కాఫీ గొప్పదే కావచ్చు, కానీ మా సికిందరాబాద్ వాళ్లకు అది గొంతులో నిలవకుండా జారిపోయినట్టుంటుంది. స్టౌట్‌లో ఆ పని అటుకుల్లా నొక్కిన బార్లీది. జ్వరం వచ్చినప్పుడు కాచే బార్లీ నీళ్లలో సన్నటి జిగురు ఉంటుంది కదా, అదే ఇక్కడ నాలుక మీద పట్టులా పరుచుకుంటుంది. కొందరు ఓట్స్ వేస్తారు, ఇంకా మెత్తగా వస్తుంది. ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాలలోని చక్కెరను, లాక్టోజును, కలిపి చేయడం మొదలుపెట్టారు. బీరు ఈస్టు లాక్టోజును తినలేదు, కనుక ఆ తీపి అలాగే ఉండిపోతుంది. దాన్ని మిల్క్ స్టౌట్ అంటారు. చేదంటే భయపడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

హాప్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అవి ఒక తీగకు కాసే పువ్వులు, మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. స్టౌట్‌లో వాటి చేదు మాత్రమే కావాలి, పూల వాసన ముందుకు రాకూడదు. వచ్చిందంటే వేగిన గింజతో పోట్లాడుతుంది.

చివరగా మీ గ్లాసు. మన ఊళ్లో బీరంటే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండాలి. ఎండాకాలం 42 డిగ్రీల్లో అది న్యాయమే. కానీ అంత చల్లదనంలో తీపీ, వాసనా రెండూ ముడుచుకుపోతాయి, చేదొక్కటే మిగులుతుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసిన చాక్లెట్ ముక్క నోట్లో మైనంలా అనిపిస్తుంది చూడండి, అలాగన్నమాట. గ్లాసు రాగానే తాగకండి. పది నిమిషాలు బల్ల మీద ఉంచండి. చెయ్యి గ్లాసును పట్టుకుంటే చల్లగా ఉండాలి, నొప్పి పుట్టకూడదు. పక్కన చిల్లీ చికెన్ పెట్టుకోకండి. ఆ కారం ముందు వేగిన గింజలోని సన్నటి వాసనలు ఒక్కటీ నిలవవు. ఉప్పు తక్కువగా వేయించిన జీడిపప్పు చాలు. నాకైతే ఖుబానీ కా మీఠా పక్కన స్టౌట్ అంటే మహా ఇష్టం. ఆ ఎండు ఆప్రికాట్ పులుపూ తీపీ తగిలిన నోటికి బీరులోని కోకో వాసన ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

వేరే చోట ఇంకోటి తాగి చూడండి, వీలైతే మిల్క్ స్టౌట్. అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి. మా వారికి జీవితంలో ఎప్పుడూ నచ్చలేదు. ఆయనకు కాఫీ కూడా పడదు.

*ప్రశ్న: అమ్మా, మావారితో కలిసి లండన్ వెళ్లినప్పుడు నల్ల బీరు పోస్తుంటే చూశాను. బుడగలు పైకి రావడం మాని కిందికి పోతున్నాయి! పైన నురగ ఫిల్టర్ కాఫీ మీద నురగలా చిక్కగా ఉంది. అది నా కళ్ల భ్రమా? ఆ నురగ కోసం ఏమైనా కలుపుతారా?*
— సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు

మీ కళ్లు సరిగ్గానే చూశాయమ్మా. గ్లాసు అంచున బుడగలు నిజంగానే కిందికి దిగుతాయి. పైకి వెడల్పు అయ్యే గ్లాసులో బుడగలు మధ్యలో గుమిగూడి పైకి లేస్తాయి. అలా లేస్తూ తమతో బీరును కూడా పైకి లాగుతాయి. పైకి చేరిన బీరు ఎక్కడికి పోవాలి? గోడల వెంట కిందికి జారుతుంది. జారుతూ గోడ పక్కన ఉన్న చిన్న బుడగలను తనతో లాక్కుపోతుంది. మనకు గ్లాసు గోడ పక్కన ఉన్నవే కనబడతాయి కనుక అన్నీ కిందికే పోతున్నట్టుంటుంది. గ్లాసు ఆకారమే దీనికి కారణమని ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయం గణిత శాస్త్రజ్ఞులు 2012లో లెక్కలతో చూపించారు. అన్నం కుండ ఉడికేటప్పుడు గింజలు మధ్యలో పైకి లేచి అంచుల్లో కిందికి దిగడం చూసే ఉంటారు. ఆ తిరుగుడే ఇది.

కలిపేది నైట్రోజన్ వాయువు. మామూలు బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. అది నీళ్లలో బాగా కరిగి నాలుక మీద చురచురలాడుతుంది, కొంచెం పుల్లదనం కూడా తెస్తుంది. నైట్రోజన్ నీళ్లలో దానికంటే యాభై రెట్లు తక్కువగా కరుగుతుంది. అందుకే దాని బుడగలు చాలా చిన్నవి. చుట్టూ ఉన్న గాలిలో కూడా నూటికి 78 పాళ్లు అదే కావడంతో బుడగలోని వాయువు తొందరపడి బయటికి పోదు, నురగ చాలాసేపు నిలుస్తుంది. డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నెస్ 1759లో సంవత్సరానికి 45 పౌండ్ల చొప్పున 9000 సంవత్సరాలకు లీజు రాయించుకుని మొదలుపెట్టిన ఫ్యాక్టరీలో, సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 1959లో మైకేల్ ఆష్ అనే ఆయన ఈ రెండు వాయువులనూ కలిపి పోసే పద్ధతిని కుదిర్చాడు. ఆయన చదువు గణితం. ఇప్పుడు వాడే మిశ్రమంలో నాలుగింట మూడు వంతులు నైట్రోజన్. పోసే కుళాయిలో సన్నటి రంధ్రాల బిళ్ల ఉంటుంది. బీరు దాన్ని దాటేటప్పుడు చిలికినట్టయి వాయువు బయటపడుతుంది. డబ్బాలో లోపల ఒక చిన్న ప్లాస్టిక్ గుళిక ఆ పని చేస్తుంది. డబ్బా ఊపినప్పుడు గలగలమనేది అదే. ఇలాంటి గుళిక ఉన్న డబ్బాలు 1980ల చివరి నుంచి వస్తున్నాయి.

మొదటి ప్రశ్నకు జవాబులో నేను చెప్పకుండా ఆపింది ఇక్కడ చెబుతాను. స్టౌట్ అందరికీ నచ్చడంలో ఈ నురగ వాటా చాలా పెద్దది. చేదు ద్రవం నాలుకను తాకే ముందు మెత్తటి నురగ పెదవికి తగులుతుంది, చురచురలు లేవు, పులుపు తక్కువ. అదే బీరును నైట్రోజన్ లేకుండా ఇచ్చి చూశాం మా ల్యాబులో. ఎక్కువమంది ఇది ఎక్కువ చేదుగా ఉందన్నారు. గింజలూ హాప్సూ ఏమీ మారలేదు.

ఆ నురగకు శత్రువు నూనె. మిరపకాయ బజ్జీ తిన్న పెదవులతో ఒక్క గుక్క తాగితే అక్కడ నురగ కరిగి గుంట పడుతుంది. గ్లాసును కూర గిన్నెలతో కలిపి కడిగితే జిడ్డు పొర మిగిలి నురగ అసలే నిలవదు. గ్లాసు శుభ్రంగా ఉంటే తాగినకొద్దీ ప్రతి గుక్క దగ్గరా లోపలి గోడ మీద నురగ చారలు మిగులుతాయి. మీరు లండన్‌లో చూసిన గ్లాసు మీద అవి ఉండే ఉంటాయి.

*ప్రశ్న: నల్లగా ఉందంటే మత్తు ఎక్కువనే కదా అర్థం? మా ఫ్రెండ్స్ అందరూ అదే అంటారు.*
— ఉప్పల్ నుంచి

కాదు. రంగు గింజ వేగడం వల్ల వచ్చేది, మత్తు చక్కెర పులియడం వల్ల వచ్చేది. కుళాయిలో పోసే గిన్నెస్ స్టౌట్‌లో ఆల్కహాలు 4.2 శాతం దగ్గర ఉంటుంది. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే పసుపు రంగు బీరు 8 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అలాగని స్టౌట్లన్నీ తేలికని కూడా అనుకోవద్దు. శ్రీలంక లయన్ స్టౌట్ 8.8 శాతం. సీసా మీద రాసింది చదవండి, రంగు చూసి లెక్క వేయకండి. ఇంకో మాట, అది నిజంగా నలుపు కూడా కాదు. గ్లాసును ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి అడుగున చూడండి, కెంపు రంగు కనిపిస్తుంది.

*ప్రశ్న: మా కోడలు బాలింత. నల్ల బీరులో ఐరన్ ఉంటుంది, కొంచెం తాగితే రక్తం పడుతుంది, పాలు పడతాయి అని విదేశంలో ఉండే మా చుట్టాలు చెప్పారు. ఇవ్వవచ్చా?*
— మల్కాజిగిరి నుంచి ఒక అమ్మ

ఇవ్వకండమ్మా, దయచేసి. తల్లి తాగిన ఆల్కహాలు పాలలోకి చేరుతుంది. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 1929లో గిన్నెస్ కంపెనీ తమ బీరు ఒంటికి మంచిదంటూ ప్రకటనలు మొదలుపెట్టింది. ఒకప్పుడు బ్రిటన్‌లో బాలింతలకు స్టౌట్ తాగమని చెప్పడం మామూలే. ఆ మాటలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అర లీటరు పైచిలుకు స్టౌట్‌లో ఉండే ఇనుము మిల్లీగ్రాములో మూడో వంతు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఎదిగిన ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకునేలా చూడండి, పప్పులు, ఆకుకూరలు పెట్టండి, అన్నంలో నిమ్మకాయ పిండండి. నిమ్మలోని విటమిన్ సి ఉంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

*ప్రశ్న: అమ్మా, మా ఇంట్లో ఎవరూ తాగరు, నేనూ తాగను, తాగే ఉద్దేశమూ లేదు. కానీ బార్లీని కాఫీలా వేయిస్తారని పోయిన నెల మీరు రాసిన వాక్యం దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ వాసన ఎలా ఉంటుందో ఇంట్లో తెలుసుకునే దారి ఉందా?*
— బోయిన్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

ఉందమ్మా! ఈ నెల ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది మీదే.

కిరాణా కొట్లో బార్లీ గింజలు పావు కిలో తెచ్చుకోండి. కడగవద్దు, తడి ఉంటే సమంగా వేగవు. ఇనప మూకుడు మీద సన్నటి సెగన వేయించండి, గరిటె ఆపవద్దు. కిటికీలు తెరిచి పెట్టుకోండి. మొదట పచ్చి ధాన్యం వాసన వస్తుంది. కాసేపటికి కొన్ని చిటపటమంటాయి, పేలాల వాసన వస్తుంది. బంగారు రంగుకు తిరిగాక పుల్కా కాలిన వాసన. అప్పుడు మూడో వంతు తీసి ఒక పళ్లెంలో పరిచేయండి. గోధుమరంగు ముదిరేసరికి వేయించిన పల్లీల వాసన, దాని వెనకే కాఫీ. ఇంకో మూడో వంతు తీసి రెండో పళ్లెంలో పరవండి. మిగిలిన వాటి దగ్గర కళ్లూ ముక్కూ రెండూ పెట్టండి. కోకో పొడి డబ్బా మూత తీసినట్టు ఒక వాసన వస్తుంది, ఎక్కువసేపు ఉండదు. పొగ కంటికి గుచ్చుకోవడం మొదలయ్యే లోపే దించి, పలచగా పరిచి, విసనకర్రతో విసరండి. మా నాన్న చెప్పినట్టు, దించాక కూడా వేగుతూనే ఉంటాయి.

మూడు రకాలనూ విడివిడిగా కచ్చాపచ్చాగా దంచి, ఒక్కో దాన్ని రెండు చెంచాలు అర లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. జపాన్‌లో, కొరియాలో వేయించిన బార్లీతో ఇలా కాచిన నీళ్లే ఇంటిల్లిపాదీ తాగుతారు, ఎండాకాలం చల్లార్చుకుని. ముందు మూడింటినీ విడిగా రుచి చూడండి. మూడోది ఒక్కటే తాగితే నిజాంపేట అబ్బాయి రాసిన మాడిన కషాయమే. ఇప్పుడు మొదటి గిన్నెలోది ఏడు చెంచాలు, రెండో గిన్నెలోది రెండు, మూడో గిన్నెలోది ఒక్కటంటే ఒక్కటి ఒక గ్లాసులో కలపండి. చిటికెలో సగం ఉప్పు వేయండి, చేదు ఒక మెట్టు దిగుతుంది. పాలు కాచి బాగా తిరగబోసి, పైనున్న నురగ మాత్రం చెంచాతో తీసి దాని మీద పరవండి.

నురగలో నుంచే తాగండి, కలపవద్దు. మీకు ఏ వాసన ముందు తెలిసిందో, ఏది తర్వాత తెలిసిందో నాకు రాయండి. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లు ఏమన్నారో కూడా రాయండి.